చేరెడు నీళ్లు

పేపర్లో ఆ గ్రాఫు చూడగానే నిరోషా చేతిలోని మిఠాయి పొట్లం కాటా మీద పడాల్సింది కాస్తా నేల మీద పడింది.

కోవిల్‌పట్టిలో పల్లీ మిఠాయి తయారుచేసే చోట ఆమె పని పొట్లాలు తూచడం, పాకంలో తేమ ఎంత మిగిలిందో పరీక్షించడం. టీ వేళకు ఎవరో వడలు చుట్టి తెచ్చిన తమిళ పేపరది. విరుదునగర్ కాలేజీ ప్రొఫెసరు పాండియరాజన్ కోటు తొడుక్కుని అందులో నవ్వుతున్నాడు. నల్లరేగడి నేలల్లో తేమను ఉపగ్రహం సరిగ్గా చదివేలా ఆయన ఒక సవరణ కనిపెట్టాడట. దాన్ని పరిశీలించడానికి అంతరిక్ష సంస్థవాళ్లు వస్తున్నారట. పక్కనే ఆయన గ్రాఫును పెద్దదిగా అచ్చేశారు. జనవరి నుంచి జూన్ దాకా నల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. మార్చిలో మాత్రం పదకొండు రోజుల పాటు ఒక్క చుక్కా లేదు.

ఆరేళ్ల కిందటి మార్చిలో సరిగ్గా ఆ పదకొండు రోజులూ నిరోషాకు అమ్మవారు పోసింది. వేపమండల మీద పడి ఒళ్లంతా మంటలతో దొర్లింది. ఆమె లేచి చేల్లోకి వెళ్లలేదు కాబట్టి ఆ రోజుల్లో మట్టి నింపినవాళ్లు లేరు. ఆ ఖాళీ ఈ ప్రపంచంలో రెండే చోట్ల ఉంది. ఒకటి కాలేజీకి అప్పగించిన ఆమె పుస్తకంలో, రెండోది ఇంట్లో ఇనప్పెట్టె అడుగున దాచుకున్న కార్బన్ నకళ్ల పుస్తకంలో. అంటే ఆ చుక్కలు ఆమెవి. దొంగ, పచ్చి దొంగ! ఏ మట్టిడబ్బాలను చూపించి ఆరేళ్ల కిందట పదిమందిలో ఆమెను మోసగత్తె అన్నాడో, ఆ డబ్బాల మీదికే ఎక్కి ఇప్పుడు ఫోటో దిగాడు.

సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. నేల ఊరికే పడి ఉండదు. కంటికి కనబడని సన్నటి మైక్రోవేవ్ తరంగాలను ఎప్పుడూ పైకి వదులుతూనే ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి ఒక ఉపగ్రహం పొద్దున ఆరింటికి ఈ ప్రాంతం మీదుగా పోతూ వాటిని పట్టుకుంటుంది. అవి ఎంత బలంగా వస్తున్నాయో లెక్కగట్టి, ఆ అంకెకు ప్రకాశ ఉష్ణోగ్రత అని పేరు పెట్టారు. చేత్తో ముట్టుకుంటే తెలిసే వేడి కాదది. ఎండిన నేల గట్టిగా పలుకుతుంది, ఉపగ్రహానికి వేడిగా కనిపిస్తుంది. తడిసిన నేల గొంతు తగ్గుతుంది, చల్లగా కనిపిస్తుంది. అదీ పై రెండంగుళాల మట్టి సంగతే తప్ప లోపలిది దానికి తెలియదు. పైనుంచి అది చెప్పింది నిజమో కాదో తేలాలంటే, సరిగ్గా అదే వేళకు ఎవరో ఒకరు చేల్లోకి దిగాలి. పై మట్టిని డబ్బాలో నింపి, తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచాలి.

ఆ ఎవరో ఒకరు నిరోషా. తాతల తాతల నాడు దక్షిణానికి వచ్చి నల్లరేగడి చేలు పట్టుకున్న తెలుగు ఇంటి పిల్ల. పాండియరాజన్ దగ్గర పీహెచ్‌డీకి చేరింది. కోవిల్‌పట్టికి తూర్పున ఎనిమిది మైళ్ల దూరంలో మేనత్త పాపమ్మాళ్ ఊరు ఉంది. అక్కడ నాలుగు చేలు ఎంచుకుంది. ఉపగ్రహం వచ్చే రోజు చేనుకు మూడు గుంటల చొప్పున పన్నెండు డబ్బాలు నింపాలి. కోవిల్‌పట్టి నుంచి చీకట్లో స్కూటీ మీద బయల్దేరినా ఆరు లోపల పన్నెండు గుంటలు తీయడం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అందుకని ముందుగా వెళ్లి గుంటలు తీసి, గోనెపట్ట కప్పి ఉంచే పని పాపమ్మాళ్ తన మీద వేసుకుంది. నిరోషా వెళ్లి డబ్బాలు నింపేది. పుస్తకంలో గుంట తీసినవారు అని ఒక గడి ఉంటుంది. అందులో తన పొడి అక్షరాలే రాసుకునేది. చదువురాని అత్త పేరు రాస్తే సార్‌కు నచ్చదని, ఎందుకొచ్చిన ప్రశ్నలని, అలా అలవాటైపోయింది.

వాన పడిన రోజుల్లో డబ్బా, ఉపగ్రహం ఒకే మాట చెప్పేవి. ఎండలు ముదిరాక పేచీ వచ్చింది. నేల బీటలు వారి, కాలు పెడితే మడమ దిగిపోయే రోజుల్లో ఉపగ్రహం రెండువందల అరవై ఎనిమిది కెల్విన్లు చూపించేది. అంటే నేలలో ఐదు శాతం తేమ కూడా లేనట్టు. నిరోషా డబ్బాలేమో పదహారు శాతం తేమ ఉందనేవి. ఆ లెక్కన ఉపగ్రహం రెండువందల నలభై దగ్గర ఉండాలి. పాండియరాజన్ ఆ అంకెలను సెమినార్ హాల్లో తెర మీద వేసి, ఏప్రిల్ నాటి చిత్తిర ఎండల్లో రేగడి నేలలో పదహారు శాతం తేమ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే తానే జవాబు చెప్పాడు. ఇంట్లో మంచం మీద కూర్చుని అంకెలు రాసుకొచ్చిందన్నాడు. మోసగత్తె అన్నాడు. ఇలాంటి పిల్లల్ని చదువుకు పంపే ఇంటివాళ్లను అనాలన్నాడు. హాల్లో నలభైమంది ఉన్నారు. నవ్వినవాళ్లు ముగ్గురే అయినా నిరోషాకు ఆ ముగ్గురి పళ్లు ఇప్పటికీ గుర్తే. ఒక్కసారైనా పొద్దున ఆరింటికి చేల్లో అడుగుపెట్టని మనిషి ఆయన.

అలా చదువు పోయింది. పేరు పోయింది. ఏ కాలేజీలో అడుగుపెట్టినా విరుదునగర్‌కు ఒక ఫోన్ వెళ్లేది, మర్నాటికి తలుపు మూసేవారు. ఈ ఆరేళ్లలో ఆమె ఆయన్ని మరిచిన రోజు లేదు. ఆయన్ని మూడు చెరువుల నీళ్లు తాగించాలని రోజూ కాటా ముందు కూర్చుని పళ్లు నూరుకునేది. దారి మాత్రం కనబడలేదు. ఇప్పుడు వడల నూనె అంటిన కాగితం దారి చూపించింది.

సవరణ అంటే ఏమిటో పేపరు చదివి తెలుసుకుంది. రేగడి నేల బీటలు వారితే పై ముఖం గరుకుదేలి, నేలలో తేమ ఉన్నా ఉపగ్రహానికి ఎక్కువ వేడిగా కనిపిస్తుందట. అందుకని ఎండాకాలంలో ఉపగ్రహం అంకెలోంచి ఇరవై ఎనిమిది కెల్విన్లు తీసేయాలట. ఆ ఇరవై ఎనిమిది ఎక్కడిది? ఆమె డబ్బాలకు, ఉపగ్రహానికి మధ్య ఉన్న తేడాయే అది. అప్పట్లో అబద్ధమన్న తేడాకే ఆయన పేరుపెట్టి, బొట్టు పెట్టి ఊరేగిస్తున్నాడు.

నిరోషా ఆ సాయంత్రమే పెట్టె తెరిచింది. కార్బన్ నకళ్లకు జిరాక్సులు తీసి, నెలవారీగా కుట్టి, పరిశీలనకు వచ్చే బృందం పెద్దకు పంపింది. ఆయన పేరు అంతోణి. తూత్తుక్కుడి మనిషి, ఈ ఎండలూ ఈ మట్టీ ఎరిగినవాడు. నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు. అంకెలు ఆమెవేనని తనకు నమ్మకం కుదిరిందని, విరుదునగర్‌లో సభ జరిగే రోజు ఆ కార్బన్ నకళ్ల పుస్తకంతో రమ్మని చెప్పాడు. గుంట తీయడం దగ్గర్నుంచి మూత పెట్టడం దాకా ఏ పని ఎలా చేసిందో రాసి తెమ్మన్నాడు. గుంటలు ఎవరు తీశారని అడిగాడు. నేనే సార్ అంది నిరోషా, అలవాటుగా. ఫోన్ పెట్టేశాక కొంచెం గుచ్చుకుంది. అత్తను కూడా సాక్షిగా నిలబెడితే బలంగా ఉంటుంది కదా అనుకుని ఆదివారం ఊరికి బయల్దేరింది.

పాపమ్మాళ్ వాకిట్లో చేటతో మినుములు చెరుగుతోంది. డెబ్బై దాటినా నడుము వంగలేదు. పాండియరాజన్ పేరెత్తగానే చేట పక్కన పెట్టి, ఆరేళ్లుగా తిడుతున్న తిట్లన్నీ మరోసారి వరసగా తిట్టింది. తన అన్న బిడ్డను మోసగత్తె అన్నవాడి నోట్లో మన్ను పడాలంది. నిరోషా నవ్వి, గుంట ఎలా తీసేదో మొదటినుంచీ చెప్పమని కాగితం, కలం తీసింది.

"చెప్పేదానికేముండాది తాయీ. కోడి కూసేలోపల చెంబు నింపుకోని పోదును. గుంట దీసే తావులో మూడు చేరల నీళ్లు పోసి, బూమాదేవికి దండం బెట్టి, అవి ఇంకినంక దీస్తును. నువ్వొచ్చేలోపల గోనె గప్పి పెడుదును."

కలం ఆగిపోయింది. నీళ్లెందుకు అని నిరోషా అడిగింది.

"మన చేన్లో మన్ను ఊరు దాటి పోతాది గదా. ఇంట్లోనుంచి ఆడబిడ్డ పొయ్యేటప్పుడు దప్పికతో పంపుతామా? మా అమ్మ నేర్పిన పద్దతి. వొక్క దినం గూడా మరవలేదు తాయీ. నీకు అమ్మవారు పోసినప్పుడు మాత్రమే పోలేదు."

దున్నినా, తవ్వినా ఈ పద్ధతి లేదు. చేల్లోని మట్టి ఊరు దాటి పోయేటప్పుడే. అలాంటి అవసరం ఇరవై ఏళ్లకోసారి వస్తుంది. పట్నంలో పెరిగిన నిరోషాకు ఆ ముచ్చట తెలిసే అవకాశమే లేదు. నల్లమట్టి తడిసినా నల్లగానే ఉంటుంది. తెల్లారీతెల్లారని వెలుగులో అది కాస్త మంచుతడి అనుకుంది. మూడు చేరల నీళ్లు! పదహారు శాతం అక్కణ్ణుంచి వచ్చింది. ఉపగ్రహం చెప్పిందే నిజం. డబ్బాలు తప్పు. ఒకటి రెండు కాదు, ఎండాకాలం డబ్బాలన్నీ తప్పు.

ముందు అత్త మీద ఒళ్లు మండింది. చెంబెత్తి బావిలో పారేయాలనిపించింది. ఆ ముసలామె ముఖంలో గర్వం చూసి ఆగి, మజ్జిగ తాగి, వాకిట్లో అరుగు మీద కూర్చుంది. గడిలో పాపమ్మాళ్ అని ఒక్కసారి రాసి ఉంటే ఎవరో ఒకరు ఈ ముసలామెను పిలిచి అడిగేవారు. నీళ్ల సంగతి మొదటి నెలలోనే బయటపడేది. తన పొడి అక్షరాలే తన గొంతు కోశాయి. ఇది తలుచుకుంటే మరీ మండింది.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చి కదలనంది. పుస్తకం చూపించి నీళ్ల సంగతి నోట్లోనే ఉంచుకుంటే తన పేరు తనకొస్తుంది. పాండియరాజన్‌కు చీవాట్లు పడతాయి, నాలుగు రోజులు తల దించుకుని తిరుగుతాడు, సవరణ మాత్రం నిలుస్తుంది, ఆయనా నిలుస్తాడు. నీళ్ల సంగతి చెప్పేస్తే సవరణ కూలుతుంది. దానితో ఆయన కూలుతాడు. తన డబ్బాలూ కూలతాయి. అప్పుడు ఆయన ఈ డబ్బాలు తప్పని నేను ముందే చెప్పానని అనలేడు, వాటి మీదే ఇల్లు కట్టాడు కాబట్టి. ఒప్పని కూడా అనలేడు. ఎటూ కదలలేక నిలబడ్డ ఆయన ముఖాన్ని ఊహించుకుంటే నిరోషాకు కడుపు చల్లబడింది.

అయినా ఆ రోజు తేల్చుకోలేదు. పేరు మీద ఆశ అంత తేలిగ్గా చావదు. లేచేటప్పుడు మాత్రం అత్తతో, సభ మర్నాడు పొద్దున్నే పెద్ద పెద్ద ఆఫీసర్లు చేల్లోకి రావచ్చని, గుంట ఎలా తీసేదో వాళ్లకు చూపించాల్సి ఉంటుందని, పెట్టెలో ఉన్న కొత్త చీర కట్టుకోమని చెప్పింది. పాపమ్మాళ్ పొంగిపోయింది.

సభ రోజు విరుదునగర్‌లో బస్సు దిగేసరికి మిరపకాయల గోదాముల ఘాటు ముక్కుకు తగిలింది. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆరేళ్ల కిందటి మనిషే. గుర్తుపట్టి తల తిప్పుకున్నాడు. హాలు కూడా అదే. నిరోషా కావాలనే అప్పట్లో కూర్చున్న మూడో వరసలోనే కూర్చుంది. ఒళ్లో పుస్తకం.

పాండియరాజన్ గ్రాఫు వేశాడు. బీటల గురించి, గరుకు నేల గురించి, ఇరవై ఎనిమిది కెల్విన్ల గురించి తడబడకుండా మాట్లాడాడు. వచ్చే ఏడాది నుంచి రేగడి తాలూకాలన్నిటికీ ఈ సవరణ వాడతారని, కరువు మండలాలను దాన్నిబట్టే గుర్తిస్తారని ఒక అధికారి లేచి చెప్పాడు. అంటే ఎండిపోయిన చేలు కూడా పటంలో తడిగా కనిపిస్తాయన్నమాట. అది విని నిరోషాకు రైతుల మీద జాలి పుట్టుకొచ్చిందని చెబితే అబద్ధం. ఆ గంటలో ఆమె కళ్లకు ఆ కోటు తప్ప ఇంకేమీ కనబడలేదు.

అంతోణి మెల్లగా అడిగాడు, ఈ డబ్బాలు నింపింది ఎవరని. మా విద్యార్థులని పాండియరాజన్ చెప్పాడు. మార్చిలో పదకొండు రోజుల ఖాళీ ఎందుకని అంతోణి అడిగాడు. యంత్రం చెడిందని ఆయన అన్నాడు. అప్పుడు నిరోషా లేచింది. పుస్తకం తీసుకెళ్లి బల్ల మీద పెట్టి ఆ పేజీ తెరిచింది. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"సార్, ఆరేళ్ల కిందట ఈ హాల్లోనే ఈ డబ్బాలు మోసమన్నారు. ఇవాళ వీటితోనే గ్రాఫు వేశారు. ఇవి నిజమా, మోసమా? రెంటిలో ఒకటి చెప్పండి."

పాండియరాజన్ ముఖం మాడిపోయింది. కానీ ఆయన తెలివి మాడే రకం కాదు. పుస్తకాన్ని రెండు పేజీలు తిప్పాడు, కళ్లద్దాలు తీశాడు, హాలంతటినీ ఒకసారి చూశాడు. తరవాత గొంతులో తడి తెచ్చుకుని, మైకు దగ్గరికి జరిగి, తాను ఘోరమైన పొరపాటు చేశానన్నాడు. ఈ అమ్మాయి డబ్బాలు అక్షరాలా నిజమన్నాడు. తన తొందరపాటు వల్ల ఒక గొప్ప పరిశోధకురాలికి అన్యాయం జరిగిందని, సవరణ మీద తాను రాసిన వ్యాసంలో ఆమె పేరే ముందు వేయిస్తానని, ఆగిన పీహెచ్‌డీ తానే దగ్గరుండి పూర్తి చేయిస్తానని చెప్పి, పదిమందిలో చేతులు జోడించాడు. చప్పట్లు మోగాయి. వెనక వరసలో ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది.

నిరోషా ఆరేళ్లు కలవరించింది అదే. నలభైమందిలో పోయిన పేరు వందమందిలో తిరిగొచ్చింది. సరే సార్ అని కూర్చుంటే చాలు. చదువు, ఉద్యోగం, పత్రికలో ఫోటో, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అనబోయింది కూడా. అప్పుడే పాండియరాజన్ చేతులు దించుతూ పక్కనున్నవాడి వైపు చూసి పెదవి చివర చిన్నగా నవ్వాడు. గండం గడిచిందన్న నవ్వు అది. ఆ నవ్వు చూశాక ఆమె ఒంట్లో ఎక్కడో ఆశ పడుకున్న చోటు భగ్గుమంది. నీ క్షమాపణతో నేను బతకాలా? నీ పక్కన నా పేరు పెట్టుకుని నీ అబద్ధాన్ని జీవితమంతా మోయాలా?

మైకు అందుకుని, సార్ ఈ డబ్బాలు అక్షరాలా నిజమని అందరి ముందూ చెప్పారు, చాలా సంతోషమంది. రేపు పొద్దున ఉపగ్రహం వస్తుంది కాబట్టి ఆరింటికి అందరూ చేల్లోకి వస్తే, అప్పట్లో గుంట ఎలా తీశారో సార్ ముందే చూపిస్తానంది. అంతోణి వెంటనే ఒప్పుకున్నాడు. పాండియరాజన్ కూడా ఉత్సాహంగా తల ఊపాడు. ఆయనకు తెలియదు కదా, పాపం!

మర్నాడు తూరుపు తెల్లబడే వేళకు రెండు జీపులు చేని గట్టున ఆగాయి. నేల బీటలు నోరు తెరుచుకుని ఉన్నాయి. పాపమ్మాళ్ కుంకుమరంగు కొత్త చీరలో, నుదుట పెద్ద బొట్టుతో, చంకలో చిన్న పార, చేతిలో ఇత్తడి చెంబుతో అందరికంటే ముందే వచ్చి నిలబడింది. అంతోణి మట్టిలో గుచ్చితే తేమ చెప్పే కడ్డీ తీసి అక్కడక్కడా గుచ్చాడు. అంతటా ఐదు లోపే చూపించింది. గుంటలు తీసింది నిజానికి ఈమేనని నిరోషా చెప్పాక, ఎప్పుడూ చేసేది చేసినట్టే చేసి చూపించమ్మా అని తమిళంలో చెప్పాడు.

పాపమ్మాళ్ చెంగు దోపుకుని వంగింది. చెంబులోంచి చేరెడు, ఇంకో చేరెడు, మరో చేరెడు. నీళ్లు బుసమని ఇంకాయి. నేలను తాకి కళ్లకద్దుకుంది. పెదాలు కదిలాయి. తరవాత పారతో రెండంగుళాల లోతు పలకగా గుంట తీసి, గోనె కప్పి, లేచి నిలబడి అందరి వైపూ చూసింది. ఎంత శ్రద్ధగా చేశానో చూశారా అన్నట్టు ఉంది ఆ చూపు.

అంతోణి గోనె తీసి కడ్డీ గుచ్చాడు. పదహారున్నర. మళ్లీ తీసి, రెండడుగులు పక్కన గుచ్చాడు. నాలుగు పాయింట్ ఎనిమిది. ప్రతిసారీ ఇలాగేనా అమ్మా అని అడిగాడు. ఒక్కరోజు కూడా తప్పలేదయ్యా అంది పాపమ్మాళ్.

నిరోషా ఆ కడ్డీ వైపు చూడలేదు. ఆమె ఆరేళ్లు ఎదురుచూసింది ఒక ముఖం కోసం, దాన్నే చూసింది. పాండియరాజన్ ఒకసారి చెంబును, ఒకసారి కడ్డీని చూశాడు. నోరు తెరిచాడు. డబ్బాలు మోసమని ఆయన అన్నాడు, అక్షరాలా నిజమని కూడా నిన్న మైకులో ఆయనే అన్నాడు. మూడో మాట మిగల్లేదు. నిన్న సభలో కరువు మండలాల సంగతి చెప్పిన అధికారి జీపు దగ్గరికి నడిచి ఫోన్‌లో ఎవరితోనో, పటం ఆపండి, సవరణ ఆపండి అంటున్నాడు. పాండియరాజన్ గట్టు మీద కూలబడ్డాడు, కోటుకు మట్టి అంటింది. చాలు, ఇది చాలు అనుకుంది నిరోషా. గుండెల్లో దీపావళి టపాకాయల వరస అంటుకున్నట్టయింది.

పాపమ్మాళ్‌కు అంకెలు రావు గానీ మనుషుల ముఖాలు చదవడం వచ్చు. ఏమైందయ్యా అని అంతోణిని అడిగింది. ఆయన వీలైనంత మెత్తగా చెప్పాడు. ఆ నీళ్ల వల్లే డబ్బాలన్నీ తడి చూపించాయని, ఆ అంకెలు తప్పని, అందులో ఆమె దోషం లేదని. పాపమ్మాళ్ చేతిలో చెంబు వైపు చూసింది. తరవాత దాన్ని నేల మీద పెట్టి, చేతులు చెంగుకు తుడుచుకుని, తిన్నగా పాండియరాజన్ దగ్గరికి నడిచింది.

తమిళంలోనే అంది. "అయ్యా, డబ్బాలు తప్పని మీరు ఆ రోజే చెప్పారు. నేను తెలియక ఆరేళ్లు మిమ్మల్ని తిట్టుకున్నాను. మన్నించండి."

చేతులు జోడించింది. కొత్త చీర కట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి, గట్టు మీద కూలబడ్డవాడి ముందు తల వంచి నిలబడింది. పాండియరాజన్ ముఖం అటు తిప్పుకున్నాడు. నిరోషా పరుగున వెళ్లి ఆ చేతులు పట్టుకుని కిందికి లాగింది. వాడికి దండం పెట్టొద్దు అత్తా అంది. పాపమ్మాళ్ ఆ చేతులు విడిపించుకుంది. తమిళం వదిలి ఇంటిమాటలోకి వచ్చి, మెల్లిగా అడిగింది.

"ఈ నీళ్ల సంగతి నీకు ఎప్పుడు తెలిసె?"

"ఆదివారం. నువ్వే చెప్తివి గదా అత్తా."

"తెలిసే నన్ను కొత్త చీర కట్టుకోని రమ్మంటివా?"

నిరోషా వంగి ఆ చీర అంచుకు అంటిన మట్టి దులపబోయింది. పక్కనే జనం ఉన్నారని కూడా పాపమ్మాళ్ చూడలేదు.

"ఆ పొద్దు ఆయన నిన్ను ఏమో అనె గదా, దానికి నేను ఆరేండ్లు ఏడిస్తిని," అంది. ఆ మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. పాపమ్మాళ్ దాన్ని నోటితో అనలేదు. పార చంకన పెట్టుకుని, చెంబు అక్కడే వదిలేసి, చీర అంచు మట్టిలో ఈడుస్తూ ఇంటివైపు నడిచింది. నిరోషా రెండుసార్లు పిలిచినా వెనక్కి తిరగలేదు.

జీపు బానెట్ మీద అంతోణి కొత్త ఫారం పరిచాడు. ఇవాళ జరిగింది జరిగినట్టు నమోదు చేయాలని, ఇది పైకి వెళుతుందని చెప్పి కలం ఇచ్చాడు. తేదీ, వేళ, చేను నంబరు, తేమ శాతం. నిరోషా ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చి, గుంట తీసినవారు అన్న గడి దగ్గర ఆగింది. కలం తన పొడి అక్షరాల కోసం వంగింది. అంతోణి చూస్తున్నాడు. అత్త అప్పటికే చేని మలుపు దాటిపోయింది.

ఆ గడిలో మొదటిసారిగా పాపమ్మాళ్ అని రాసింది.